అభిమానంతో గీసే టీషర్టు: ఆలోచన నుంచి అచ్చు దాకా

సైన్స్ ఫిక్షన్ కథల మీదా వీడియో గేముల మీదా ఉన్న ఇష్టంతో మీరు రెండు టీషర్టులు డిజైన్ చేశారు. తెరమీద ముచ్చటగా ఉన్న బొమ్మ బట్టమీదికి వచ్చేసరికి పోస్టరు కత్తిరించి అతికించినట్టు తయారైందనీ, లోపం ఆలోచనలో ఉందో అచ్చులో ఉందో తెలియడం లేదనీ, రేపు నలుగురికీ అమ్మాలనుకుంటే చట్టం ఒప్పుకుంటుందా అనీ అడిగారు. మీ రెండో డిజైన్‌లో నలుచదరంగా ఒక నెబ్యులా (అంతరిక్షంలోని వాయుధూళి మేఘం), దాని ముందు అంతరిక్ష నౌక, కింద పెద్ద అక్షరాల్లో ఒక సంభాషణ ఉన్నాయని రాశారు. ఆ వర్ణనను బట్టి లోపం రెండు చోట్లా ఉందని నా అభిప్రాయం. పదిహేనేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి ఆ తప్పులన్నీ నేనూ చేసినవే. కొన్నింటిని రెండేసిసార్లు చేశాను.

ముందు ఆలోచన సంగతి చూద్దాం. హక్కుదారులు అధికారికంగా అమ్మే టీషర్టును లక్షలమంది చూడగానే పోల్చుకోవాలి, అందుకే దానిమీద కథానాయకుడి ముఖమో కథ పేరున్న లోగోనో ఉంటుంది. అభిమాని గీసుకునే టీషర్టుకు ఆ అవసరం లేదు. దాన్ని చూసినవాడికి తెలియవలసింది ఆ కథ పేరు కాదు, ఆ కథలో మీ కంటికి ఏది ఆనిందన్నది. మీ నౌకా, మీ నెబ్యులా, మీ సంభాషణా మూడూ ప్రచారచిత్రంలో ఉండేవే. వాటిని ఎంత నేర్పుగా గీసినా అధికారిక టీషర్టుకు నకలులాగే కనిపిస్తాయి. అందుకే నేను పని మొదలుపెట్టేటప్పుడు గీసే సాఫ్ట్‌వేర్ జోలికే పోను. ఒక కాగితం పక్కన పెట్టుకుని ఆ కథను మళ్లీ మొదటినుంచి చదువుతాను లేదా ఆ ఆటను మళ్లీ ఆడతాను. పాత్రలను వదిలేసి వస్తువులు, అంకెలు, గోడలమీది గుర్తులు, పాత్రలు పదేపదే తాకే చోట్లు, ఎవరూ పట్టించుకోని తలుపులు, ఇలాంటివి రాసుకుంటాను. రెండు గంటల్లో నలభై దాకా వస్తాయి. వాటిలో ముప్పై అయిదు పనికిరావు.

ఒక ఉదాహరణ చెబితే ఇది స్పష్టమవుతుంది. షెర్లాక్ హోమ్స్ టీషర్టు గీయమంటే పదిమందిలో తొమ్మిదిమంది రెండు వైపులా అంచులున్న టోపీ, వంకర పైపు గీస్తారు. నిజానికి ఆర్థర్ కోనన్ డాయిల్ ఒక కథలో ‘చెవులు కప్పే ప్రయాణపు టోపీ’ అని మాత్రమే రాశాడు. మనం ఎరిగిన ఆ ఆకారాన్ని స్థిరపరచింది సిడ్నీ పాజెట్ వేసిన బొమ్మలు. కథలు చదవనివాళ్లకు సైతం తెలిసిన గుర్తు అది, కాబట్టి అది చదివినవాళ్ల గుర్తు కాలేదు. 1893లో వచ్చిన ‘మస్‌గ్రేవ్ రిచువల్’ అనే కథ మొదట్లో కథ చెప్పే డాక్టర్ వాట్సన్ తన మిత్రుడు హోమ్స్ చెడ్డ అలవాట్లను ఏకరువు పెడతాడు: చుట్టలు బొగ్గుల తొట్టిలో, పొగాకు పర్షియన్ చెప్పు ముక్కులో, జవాబివ్వని ఉత్తరాలు చాకుతో పొడిచి చలిమంట గూటి చెక్కమీద. వీటన్నిటికీ మించి, ఈ పెద్దమనిషి ఒక్కొక్కప్పుడు చేతుల కుర్చీలో కూర్చుని, ఎదుటి గోడమీద తుపాకి గుళ్లతో వి.ఆర్. అనే రెండక్షరాలు చెక్కుతాడట. ‘విక్టోరియా రెజీనా’, అంటే విక్టోరియా రాణి అన్న లాటిన్ మాటలకు అవి పొడి అక్షరాలు. మహారాణికి అది అతని వందనం.

నేను కాగితంమీద రాసుకున్న నలభైలో నిలిచింది అదే. గోడమీద గుళ్లు చేసిన గుంటలు తప్ప టీషర్టుమీద మరేమీ ఉండకూడదని నిర్ణయించుకున్నాను. మొదటి ప్రయత్నంలో కంప్యూటర్‌లో సమానమైన వృత్తాలను అక్షరాల గీతల వెంబడి పేర్చాను. చూస్తే దీపాలతో అలంకరించిన దుకాణం బోర్డులాగా వచ్చింది. తర్వాత ఒక ప్లాస్టర్ పలక పోసి, ఆరాక దానిమీద మేకుతో, సుత్తితో గుంటలు కొట్టి, పక్కనుంచి వెలుతురు పడేలా ఫోటోలు తీసి, వాటిని ఆధారం చేసుకుని ఒక్కొక్క గుంటనూ విడిగా గీశాను. ఏ రెండు గుంటల అంచులూ ఒకేలా లేవు. కొన్నింటి చుట్టూ పెచ్చులు ఊడిన సగం వలయం ఉంది, రెండు గుంటల మధ్య వెంట్రుకంత పగులు ఉంది. ‘ఆర్’ కాలు దగ్గర ఒక గుండు గురి తప్పి గీత బయటపడింది. దాన్ని కావాలనే ఉంచాను, ఎందుకంటే కాల్చినవాడు కుర్చీలోంచి లేవలేదు. ముదురు రంగు ఒక్కటే వాడాను. చొక్కాకు మాత్రం పాత గోడలాంటి మట్టిపసుపు ఛాయ ఎంచుకున్నాను. అక్కడ నాకు బోధపడిన విషయమే మీకు చెప్పదలచుకున్నాను: చొక్కా ఆ బొమ్మకు కాగితం కాదు, ఆ గదిలో గోడ. బట్ట రంగును బొమ్మలో భాగం చేసిన క్షణంలో ‘అతికించినట్టు’ ఉండటం దానంతటదే పోతుంది.

కథ తెలియనివాళ్లు ఆ చొక్కా చూసి అవి మీ పేరులోని అక్షరాలా అని అడుగుతారు. తెలిసినవాళ్లు ఏమీ అడగరు, ఓ నవ్వు నవ్వి పోతారు. ఈ రెండు స్పందనలూ ఉండేలా చూసుకోండి. లోపలి చమత్కారం తెలియనివాడికి కూడా అది చూడదగ్గ బొమ్మగా ఉండాలి, తెలిసినవాడికి మరో అర తెరుచుకోవాలి. తెలియనివాళ్లను వెక్కిరించే టీషర్టులు కొన్ని వస్తుంటాయి. ‘ఇది అర్థం కాకపోతే నాతో మాట్లాడకు’ అనే తరహావి. నాకవి నచ్చవు. ఏ అభిమానీ అన్నీ తెలిసి పుట్టలేదు, ఎవరో ఒకరు విసుక్కోకుండా చెబితేనే మనమంతా ఇందులోకి వచ్చాం.

రెండు వేరు వేరు ప్రపంచాలను ఒకే బొమ్మలో కలిపే పద్ధతికి కూడా బాగా గిరాకీ ఉంది. ఇరవైనాలుగు గంటలే ఒక డిజైన్ అమ్మే వెబ్‌సైట్లలో చాలాకాలం ఏలింది ఇదే. రెండు కథల మధ్య నిజమైన పోలిక ఉన్నప్పుడు అది అద్భుతంగా పండుతుంది. పోలిక లేనప్పుడు వీడి టోపీ వాడికి పెట్టిన ఆటగా మిగిలిపోతుంది. నేను పెట్టుకున్న పరీక్ష చిన్నది. ఆ కలయికను బొమ్మ లేకుండా ఒక్క వాక్యంలో మిత్రుడికి చెబుతాను. అతను ‘అవును కదా!’ అంటే గీస్తాను, ‘బాగుంది’ అంటే గీయను.

ఇక రంగుల విషయానికి వస్తే, తెరమీద మీకు కోటికి పైగా రంగులు దొరుకుతాయి, స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కొక్క రంగుకూ ఒక్కొక్క స్క్రీన్, అంటే రంగు దిగే జాలీ చట్రం, చేయాలి. కొత్తవాళ్లకు ఇది కోతలాగా కనిపిస్తుంది. మనం ఇష్టపడే బొమ్మల్లో సగం అలాంటి కోతల్లోంచే పుట్టాయని గుర్తుంచుకోండి. 1981 నాటి ‘డాంకీ కాంగ్’ ఆటలో మారియోకు టోపీ ఎందుకు పెట్టారంటే అన్ని తక్కువ పిక్సెళ్లలో జుట్టు గీయడం కష్టం కాబట్టి; మీసం ఎందుకంటే నోరు గీయనక్కర్లేదు కాబట్టి. ఆ ఆటను రూపొందించిన షిగెరు మియమోటో ఈ సంగతి స్వయంగా చెప్పాడు. 1984లో వచ్చిన మాకింతోష్ కంప్యూటర్‌కు సుసాన్ కేర్ గీసిన గుర్తులు నిలువూ అడ్డమూ 32 గళ్ల చదరంలో, నలుపు తెలుపుల్లోనే ఉన్నాయి. కాబట్టి మీ తర్వాతి డిజైన్‌ను రెండు రంగులకు పరిమితం చేసుకోండి, బట్ట రంగును మూడోదిగా లెక్కవేయండి. చిత్తుబొమ్మలను బొటనవేలి గోరంత పరిమాణంలో ఇరవై వేసి, వాటిని గది అవతలి గోడకు అంటించి కళ్లు చికిలించి చూడండి. ఆకారం తెలియనివి అక్కడే రాలిపోతాయి. టీషర్టును ఎవరూ చేతిలో పట్టుకుని చదవరు, కదులుతున్న మనిషిమీద నాలుగడుగుల దూరంనుంచి రెండు క్షణాలు చూస్తారు.

అచ్చు పద్ధతులు తెలిస్తే గీసే చెయ్యి మారుతుంది కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను. స్క్రీన్ ప్రింటింగ్‌లో చట్రానికి బిగించిన జాలీబట్టకు కాంతికి గట్టిపడే ఎమల్షన్ అనే పూత పూస్తారు. బొమ్మ ఉన్నచోట వెలుతురు తగలకుండా ఫిల్మ్ అడ్డుపెట్టి, మిగతాది గట్టిపడ్డాక కడిగేస్తే బొమ్మ ఉన్నచోట మాత్రమే కన్నాలు తెరుచుకుంటాయి. ఆ కన్నాల్లోంచి స్క్వీజీతో, అంటే రబ్బరు అంచున్న పలకతో, రంగు నెడతారు. జాలీకి అంగుళానికి 110 దారాలుంటే రంగు దట్టంగా దిగుతుంది, 230 ఉంటే పలచగా, సన్నని వివరాలతో దిగుతుంది. ఛాయలు క్రమంగా మారినట్టు చూపాలంటే చిన్నవీ పెద్దవీగా పేర్చే చుక్కలే, అంటే హాఫ్‌టోన్ చుక్కలే, గతి. బట్టమీద వాటిని అంగుళానికి 45 నుంచి 55 వరుసలకు మించనివ్వకపోవడం మంచిది, ఎందుకంటే చుక్క మరీ చిన్నదైతే జాలీ దారాల మధ్య నిలబడదు. మీ నెబ్యులా మురికిగా వచ్చిందంటే కారణం అక్కడే ఉండవచ్చు. కామిక్ పుస్తకాల శైలి ఇష్టమైతే ఆ చుక్కలను దాచే ప్రయత్నం మానేసి, అంగుళానికి 20 వరుసలంత పెద్దవి చేసి అలంకారంగానే వాడుకోండి.

ముదురు రంగు చొక్కామీద ఏ రంగు వేసినా బట్ట దాన్ని మింగేస్తుంది. అందుకే కింద ముందుగా తెల్లటి పొర ఒకటి వేస్తారు, దాన్ని అండర్‌బేస్ అంటారు. ఈ పొర పైరంగుకంటే వెంట్రుకవాసి లోపలికి ఉండాలి, లేకపోతే స్క్రీన్ ఏమాత్రం జరిగినా అంచుల చుట్టూ తెల్లటి గీత బయటపడుతుంది. నా మూడో డిజైన్‌కు జరిగింది ఇదే. నల్ల చొక్కామీద ఎర్ర కన్నున్న రోబోను గీశాను. ఒక ప్రింటరుకు ఫైలు పంపాను, నమూనా అడగలేదు, ఒక్కసారిగా అరవై వేయించాను. వాటిలో సగంపైగా చొక్కాలమీద రోబోకు కండ్లకలక వచ్చినట్టు కంటిచుట్టూ తెల్లటి వలయం ఉంది. అండర్‌బేస్‌ను లోపలికి తగ్గించకుండా ఫైలు పంపిన తప్పు నాది, చూసి కూడా చెప్పకుండా అచ్చు వేసిన తప్పు ఆయనది. అప్పటినుంచి ఒక్క నమూనా చేతికందనిదే రెండోదానికి సరే అనలేదు.

నమూనా చేతికొచ్చాక దాన్ని కెమెరా ముందు కాక నీళ్ల తొట్టి ముందు పరీక్షించండి. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఎక్కువగా వాడే ప్లాస్టిసాల్ అనే ప్లాస్టిక్ ఆధారిత రంగు గాలికి ఆరదు. అది సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలినప్పుడే బట్టలో స్థిరపడుతుంది, అదీ పైపొరకు కాదు, రంగు మందమంతటికీ ఆ వేడి అందాలి. అచ్చును రెండు బొటనవేళ్లతో పట్టి మెల్లగా సాగదీయండి. ఎండిన చెరువు నేలలా బీటలు వారిందంటే వేడి చాలలేదు. తర్వాత లోపలివైపు బయటికి తిప్పి అయిదారుసార్లు ఉతికి చూడండి. చేతికి తగలనంత మెత్తగా ఉండాలనుకుంటే నీటి ఆధారిత రంగులు అడగండి, అవి దారంలోకి ఇంకుతాయి. పాలిస్టర్ బట్టమీద తెల్ల అచ్చు వేయించేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే వేడికి బట్టలోని అద్దకం పైకి ప్రయాణించి ఎర్ర చొక్కామీది తెల్లబొమ్మను కొద్దిరోజుల్లోనే గులాబీరంగులోకి మార్చేస్తుంది.

ఒకటీ రెండూ చొక్కాలకోసమైతే స్క్రీన్లు చేయించడం దండగ. బట్టమీద నేరుగా రంగు చిమ్మే డీటీజీ యంత్రాలు, ఫిల్మ్‌మీద అచ్చువేసి జిగురుపొడి చల్లి వేడితో బట్టకు దించే డీటీఎఫ్ పద్ధతి అందుకు సరిపోతాయి. రంగుల లెక్క అక్కడ ఉండదు. అయితే సగం పారదర్శకంగా ఉన్న పిక్సెళ్లను ఇవి సరిగ్గా చూపలేవు. తెరమీద మంచుతెరలా కరిగిపోయే వెలుగు, నల్ల చొక్కామీద తెల్లపొరతో కలిసి సున్నం మరకలాగా వస్తుంది. అలాంటి మెరుపులన్నీ పూర్తి చుక్కలుగానో తెగిన గీతలుగానో మార్చి పంపండి. రంగును వేడితో ఆవిరిగా మార్చి దారంలోకి ఎక్కించే సబ్లిమేషన్ అనే పద్ధతి పాలిస్టర్‌కూ లేతరంగులకూ మాత్రమే పనికొస్తుంది. నూలు చొక్కాకు దాన్ని ఎవరైనా సూచిస్తే ఇంకొకరిని వెతుక్కోండి.

ఫైలు 12 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తుకు, అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున, అంటే 3600కు 4800గా మొదటినుంచీ పెట్టుకోండి. ఎంత పెంచినా చెదరని వెక్టర్ గీతల్లో గీస్తే ఈ బాధే లేదు. పాత ఆటల పిక్సెల్ బొమ్మలను మాత్రం సాఫ్ట్‌వేర్ తన ఇష్టప్రకారం పెంచితే అంచులు పొగచూరుతాయి. ‘నియరెస్ట్ నైబర్’ అనే ఎంపికతో, రెండింతలో పదింతలో ఇరవైయింతలో, పూర్ణసంఖ్యల్లోనే పెంచాలి. బొమ్మను మెడపట్టీ కుట్టుకు రెండు మూడు అంగుళాల కిందనుంచి మొదలుపెట్టండి. బల్లమీద పరిచిన చొక్కాలో మధ్యగా కనిపించేది మనిషి తొడుక్కున్నాక పొట్టమీదికి దిగుతుంది. నలుచదరపు చట్రాన్ని ఒంటిమీద ఎప్పుడూ నమ్మకండి, అది మనిషి వంపులకు ముడతపడి వంకరపోతుంది. అంచులు సక్రమంగా లేని ఆకారమే ఒంటికి అమరుతుంది.

చట్టం గురించి అడిగారు. నేను న్యాయవాదిని కాను, దేశానికో చట్టం ఉంది, కానీ ఈ రంగంలో నలిగినవాడిగా కొన్ని విషయాలు నిక్కచ్చిగా చెప్పగలను. ‘ముప్పై శాతం మారిస్తే తప్పులేదు’ అన్నది ఎక్కడా లేని నియమం. అసలు సృష్టికర్త పేరు వేసి కృతజ్ఞతలు చెప్పినంత మాత్రాన అనుమతి తీసుకున్నట్టు కాదు. పాత్రల రూపాలకు కాపీరైట్, పేర్లకూ లోగోలకూ ట్రేడ్‌మార్క్, నటుల ముఖాలకు వేరే హక్కులు, చివరికి మీరు వాడిన ఫాంట్‌కు కూడా లైసెన్సు, ఇలా ఒకే చొక్కామీద నాలుగు రకాల హక్కులు కూర్చుని ఉండవచ్చు. పేరడీ అంటే రక్షణ ఉంటుందని చాలామంది ధీమా. అమెరికాలో పిల్లల పుస్తకాల రచయిత డాక్టర్ స్యూస్ బొమ్మల శైలిని ‘స్టార్ ట్రెక్’ అనే అంతరిక్ష ధారావాహిక పాత్రలతో కలిపిన ఒక పుస్తకం విషయంలో 2020లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, అది ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండానే కొంతమేరకు వాడుకోనిచ్చే మినహాయింపు) కిందికి రాదని తీర్పు చెప్పింది. పాత కృతిని ఎత్తిపొడిస్తేనే పేరడీ, దాన్ని వాడుకుని ఇంకో సరదా చేస్తే పేరడీ కాదన్న తేడాను కోర్టు అక్కడ పట్టింది. రెండు ప్రపంచాలను కలిపే డిజైన్లు గీసేవాళ్లందరికీ ఇది నేరుగా తగిలే సంగతి.

అందుచేత సొంతానికి ఒక చొక్కా వేసుకోవడం వేరు, అమ్మకం వేరు అని ముందే విడదీసుకోండి. అమ్మాలనుకుంటే మూడు దారులున్నాయి. కొన్ని అమ్మకపు వేదికలు హక్కుదారులతో ఒప్పందం చేసుకుని అభిమానుల డిజైన్లను అనుమతిస్తాయి. అక్కడి షరతులు చదివి ఆ పరిధిలో గీయడం ఒకటి. కాపీరైట్ గడువు తీరిన కథలను ఎంచుకోవడం రెండోది. హోమ్స్ కథల్లో చివరివాటికి అమెరికాలో 2023 జనవరి 1న గడువు తీరింది. 1928 నాటి ‘స్టీమ్‌బోట్ విల్లీ’లోని నలుపు తెలుపు మిక్కీకి 2024 జనవరి 1న తీరింది, అయితే తర్వాతి రూపాలకు హక్కులు మిగిలే ఉన్నాయి, ట్రేడ్‌మార్క్ సరేసరి. మూడోది నాకు ఇష్టమైనది: ఏ ఒక్క కథదీ కాని, మనలాంటి వీరాభిమానుల (‘గీక్’ల) రోజువారీ జీవితాన్నే గీయడం. ఆట మధ్యలో సేవ్ చేయడం మరిచిపోయినవాడి ముఖం, పన్నెండు ముఖాల పాచిక మంచం కిందికి దొర్లిపోవడం, ‘ఇంకొక్క భాగం చూసి పడుకుంటా’ అన్న తెల్లవారుజాము. వీటిమీద ఎవరికీ హక్కు లేదు, వీటిని ఎరగని అభిమానీ లేడు.

మీ ప్రశ్న చివర్లో, ఈ వయసులో ఇదంతా పిచ్చి అనుకుంటారేమోనని ఒక మాట అన్నారు. 1893లోనే డాయిల్ హోమ్స్‌ను జలపాతంలో తోసేస్తే పాఠకులు పత్రికకు కోపంగా ఉత్తరాలు రాశారు, రచయిత పదేళ్లకు అతన్ని మళ్లీ బతికించవలసి వచ్చింది. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశానికి ఫారెస్ట్ అకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు అభిమానులు మర్టిల్ కుట్టిన భవిష్యత్తు దుస్తులు వేసుకుని వెళ్లారు. అప్పటికి కాస్‌ప్లే (ఇష్టమైన పాత్రల వేషం వేసుకోవడం) అనే మాటే లేదు. మీరు చేరింది చాలా పాత గుంపులో.

ఇక మీ నౌక డిజైన్ దగ్గరికే వద్దాం, దాన్ని పారేయకండి. ముందు ఆ నలుచదరాన్నీ నెబ్యులానూ తీసేసి నల్లని బట్టనే అంతరిక్షం చేయండి. సంభాషణ తీసేయండి. నౌకను పూర్తిగా గీయకుండా, కిటికీల్లోంచి వచ్చే వెలుగులను మాత్రం ఒక్క రంగులో చుక్కలుగా పెట్టండి. ఆకారం వాటి అమరికలోంచే తెలియాలి. తర్వాత ఆ నౌక ఉన్న కథను మళ్లీ చూసి, నౌకలో ఎవరి గది దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉంటుందో, ఏ గది కథ మధ్యలో ఖాళీ అయిపోతుందో చూసుకుని, ఆ ఒక్క కిటికీని చీకటిగా వదిలేయండి. చిత్తుప్రతి వేశాక బొటనవేలి గోరంత చేసి గోడకు అంటించి చూడండి, నౌక నౌకలా కనిపిస్తే నమూనా ఒక్కటే వేయించి, ఉతికి, ఆ ఫోటో నాకు చూపించండి.